సాసర్లో ముందుపన్ను

"ఆ పన్ను నాది కాదురా బాబూ, ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నారు మా అత్తగారు. "నా నోట్లోవన్నీ కట్టుడువి. ఊడితే సెట్టంతా కట్టగట్టుకుని ఊడుతుంది గానీ, ఒక్కటే విడిగా షికారుకెళ్ళదు."

"అమ్మా, ఒకసారి నోరు తెరువు."

"మాట్లాడుతున్నానంటే తెరిచే ఉందిగా!"

భోజనాల బల్ల మధ్యలో టీ సాసరు, సాసర్లో ఒక ముందుపన్ను. దాని మీదికి వంగి మా ఆయన. ఒక చేతిలో మందుసీసాల మీది అక్షరాలు చదవడానికి కొన్న భూతద్దం, రెండో చేతిలో నేను కనుబొమలు సవరించుకునే పట్టకారు. ముఖం కడుక్కోవడానికి వెళ్ళి వాష్‌బేసిన్ కింద ఈ పన్ను చూసినప్పటి నుంచి ఆయన టీ తాగలేదు, ఎవరినీ తాగనివ్వలేదు. నా పట్టకారు ఎవరినడిగి తీశారని నేను, సాక్ష్యాన్ని వేళ్ళతో ముట్టుకోకూడదని ఆయన, ఆ సాసరు ఇక జన్మలో వాడనని మా అమ్మాయి, కడిగితే పోయేదానికి ఇంత గొడవెందుకని మా మరిది. అందరం ఒకేసారి మాట్లాడుతున్నాం కాబట్టి ఎవరి మాటా ఎవరికీ వినబడ్డం లేదు. మా ఇంట్లో అది మామూలే.

"అది నాదేనండీ," అన్నాను.

అందరూ ఆగారు. మా ఆయన భూతద్దాన్ని నా ముఖం ముందు పెట్టి, పై వరసా కింది వరసా పరీక్షించి, జాలిగా నవ్వారు.

"నీ పళ్ళన్నీ ఉన్నాయి."

"నా నోట్లోది కాదు. నా పని తాలూకుది. పళ్ళ ల్యాబుకు వెళ్తున్నానని చెప్పానుగా, అక్కడి నుంచి..."

"ఎవరిని కాపాడుతున్నావు?"

మా ఆయన మిగతావాళ్ళ వైపు తిరిగారు. "ముందుగా ఒప్పేసుకున్నవాళ్ళు ఎప్పుడూ నేరస్థులు కారు. ఎవరినో వెనకేసుకొస్తూ నేరం తమ నెత్తిన వేసుకుంటారు. ఎక్కువగా ఆడవాళ్ళే."

ఈ జ్ఞానమంతా ఆయనకు పాత బ్లాక్ అండ్ వైట్ హత్యల సినిమాల నుంచి వచ్చింది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన తూనికలూ కొలతల ఇన్‌స్పెక్టరు. దుకాణాల్లో కాటాల అడుగున అంటించిన అయస్కాంతాలు పట్టుకుంటూ హాయిగా కాలం గడిపారు. రిటైరయ్యాక పట్టుకోవడానికేమీ దొరకలేదు. అప్పుడు టీవీలో రోజంతా పాత సినిమాలు వేసే చానెలొకటి దొరికింది.

ఆ సినిమాలన్నీ ఒక్కటే. ఊరికి దూరంగా పెద్ద బంగళా, బయట వాన, పుస్తకాల గదిలో తివాచీ మీద ఒక డబ్బున్నాయన శవం. పోలీసు ఇన్‌స్పెక్టరు వచ్చి తప్పు మనిషిని అరెస్టు చేస్తాడు. అప్పుడు వేరే పనీపాటా లేని పెద్దమనిషొకడు పైపు పీలుస్తూ, ఆ బూడిద కూడా తివాచీ మీదే దులుపుతూ, అసలు హంతకుణ్ణి పట్టుకుంటాడు. ఆ తివాచీని తర్వాత ఎవరు ఉతికారో ఏ సినిమాలోనూ చూపించలేదు. ఇంట్లో ఒక వంటమనిషి ఉంటుంది గానీ, ఏదో చూసిందని సగం సినిమాలోనే ఆమెనూ చంపేస్తారు. అయినా మర్నాడు అందరూ వేళకు భోజనానికి కూర్చుంటారు. ఎవరు వండారు? నాకు దాన్ని మించిన మిస్టరీ కనబడలేదు. మా ఆయనకు మాత్రం ఆ ప్రశ్న ఒక్కసారి కూడా తట్టలేదు. సినిమా అయిపోగానే ఆయన కూడా వేళకు భోజనానికి వచ్చేవారు.

పన్ను సంగతి మొదటి నుంచీ చెప్తాను. మా ఇంట్లో వినలేదు, మీరైనా వింటారు.

మా అత్తగారికి కట్టించిన పళ్ళసెట్టు కుదరక, చిగుళ్ళు ఒరుసుకుపోతున్నాయని ఆవిణ్ణి తీసుకుని డాక్టరు దగ్గరికీ, డాక్టరు పంపితే వెనక సందులోని ల్యాబుకీ తిరిగాను. ఆ ల్యాబు నడిపే పెద్దాయన్ని అక్కడంతా దవడల మాస్టారంటారు. చిన్న గది. అరల నిండా ప్లాస్టర్‌తో పోసిన దవడల అచ్చులు, ఒక్కొక్కదాని మీద పెన్సిల్‌తో పేరు. మైనం కరిగే వాసన. మా అత్తగారు నోరు తెరుచుకుని కూర్చున్నంతసేపూ నేను ఆయన చేతులు చూస్తూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఊరికే చూడ్డమెందుకని చిన్న కత్తి చేతికిచ్చి, "ఈ మైనం గీకి పెట్టమ్మా," అన్నారు. గీకాను. మర్నాడు మధ్యాహ్నం మా అత్తగారు లేకుండా వెళ్ళాను. ఆ తర్వాత రోజూ వెళ్ళాను.

ఇంట్లో చెప్పకుండా కాదు. మొదటిసారి చెప్పినప్పుడు టీవీలో ఒక వారసురాలు మెట్ల మీంచి దొర్లుతోంది. "ఊఁ," అన్నారు మా ఆయన. రెండోసారి ప్రకటనలొచ్చే వేళ చూసి చెప్పాను. ఆయన తోటమాలి మీద తన అనుమానాలన్నీ నాకు వివరించారు. మూడోసారి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి, "పళ్ళ ల్యాబుకు వెళ్తున్నానండీ, రోజూ వెళ్తున్నాను, పని నేర్చుకుంటున్నాను," అని కేకేశాను. "అలాగే. వచ్చేటప్పుడు రిమోట్‌లోకి బ్యాటరీలు పట్రా," అన్నారు. తెచ్చాను.

మా అమ్మాయి చెవుల్లో ఎప్పుడూ ఏవో ఉంటాయి. మా మరిది కళ్ళజోళ్ళ షాపు నుంచి వచ్చేది తినడానికీ పడుకోవడానికే. విన్నది మా అత్తగారొక్కరే. ఆవిడకు టీవీలో నీడలు తప్ప ఏమీ కనబడవు. అందుకని ఇంట్లో మనుషులు మాట్లాడేది వింటుంటారు.

"ఆయనకు మళ్ళీ చెప్పనా, అత్తయ్యా?" అని అడిగితే, "వద్దులేవే. అంత పెద్ద డిటెక్టివు కదా, పట్టుకుంటాడేమో చూద్దాం," అన్నారు.

ఇక ఈ పన్ను. మా పైవాటాలో ఒక రిటైరైన లెక్చరర్‌గారు ఒంటరిగా ఉంటారు. రోజూ పొద్దున్నే బాల్కనీలో నిలబడి, ఎదురుగా వెయ్యిమంది జనం కూర్చున్నట్టు ఉపన్యాసం సాధన చేసే మనిషి. ఆ గొంతుకు మా వీధిలో అలారం గడియారాలు అమ్ముడుపోవు. అలాంటాయన ముందుపళ్ళ సెట్టు బాత్రూములో జారిపడి ముక్కలైంది, ఒక పన్ను కాలవలోకి పోయింది. ఆ ముక్కలు చేతిరుమాల్లో చుట్టి, ఇంకో చేత్తో నోరు కప్పుకుని నాకిచ్చారు. ఎవరికీ చెప్పొద్దని కళ్ళతోనే బతిమాలారు. అప్పటి నుంచీ గది దాటి రావడం లేదు. ఆయన బాల్కనీ నుంచి తాడుతో బుట్ట దింపుతారు, నేను అందులో సూపు గిన్నె పెడతాను.

కొత్త పన్ను రంగు ఆయన మిగతా పళ్ళతో కలుస్తుందో లేదో చూడాలని ల్యాబు నుంచి ఒకటి తెచ్చి, ముందురోజు సాయంత్రం పైకి వెళ్ళి ఆయన నోటి దగ్గర పెట్టి చూశాను. కలిసినట్టే ఉంది. కిందికొచ్చి చేతులు కడుక్కుంటుంటే కుర్తా జేబులోంచి జారినట్టుంది. పొద్దున్నకల్లా అది హత్యకేసులో మొదటి సాక్ష్యమైంది.

ఇందులో నాకున్న తొందర వేరు. దవడల మాస్టారికి చూపు మందగిస్తోంది. "కిటికీ పక్క బల్ల నీకిస్తానమ్మా. రోజంతా రావాలి. రంగులు పొద్దుటి వెలుతురులో తప్ప తెలీవు, మధ్యాహ్నం వచ్చేవాళ్ళకు గీకే పని తప్ప ఏమివ్వను? శనివారం సాయంత్రంలోగా ఏదో ఒకటి చెప్పు. నువ్వు కాదంటే వేరే మనిషిని చూసుకోవాలి," అన్నారు. ఆ బల్ల నాకు కావాలి. ఈ వయసులో నాకింత గట్టిగా ఏదైనా కావాలనిపించి ఎన్నాళ్ళైందో. కానీ రోజంతా వెళ్ళాలంటే ఇంటి పనులు చేతులు మారాలి, చేతులు మారాలంటే ముందు ఆ చేతులున్నవాళ్ళు వినాలి. చెప్పడం వరకు నేను చేసేశాను. వినడమే మిగిలింది.

"ఏమండీ, ఆ పన్ను నాకు కావాలి. పనుంది," అన్నాను.

"సాక్ష్యం," అని మా ఆయన దాన్ని సాసరుతో సహా తన బల్ల సొరుగులో, ఉద్యోగం గుర్తుగా దాచుకున్న ఇత్తడి తూకపు రాళ్ళ పక్కన పెట్టి తాళం వేశారు.

ఆ తర్వాత దర్యాప్తు ఊపందుకుంది. పైవాటాలో గొంతు వినబడటం లేదని ఆయన గమనించారు. వీధిలో అందరూ ఎప్పుడో గమనించి, ఇన్నాళ్ళకు కాస్త నిద్రపోతున్నామని సంతోషించిన సంగతే అది. పైకి వెళ్ళి తలుపు కొట్టారు. ముందుపళ్ళు లేకుండా బయటికి రావడం ఇష్టం లేని లెక్చరర్‌గారు లోపల ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. "నిశ్శబ్దం," అని మా ఆయన కిందికొచ్చి ప్రకటించారు. ఆ మాట ఆయన అన్న తీరుకు మా అమ్మాయి చెవుల్లోవి తీసింది. తర్వాత బాల్కనీ నుంచి వేలాడుతున్న తాడు కనబడింది. బుట్ట మాత్రం కనబడలేదు, అది సినిమా నడుస్తున్నప్పుడే దిగి ఎక్కుతుంది. ఇంకోరోజు నా కుర్తా చేతి మీద తెల్లటి పొడి కనిపెట్టారు.

"ఇదేంటి?"

"ప్లాస్టర్. దవడలు పోస్తాను."

ఆయన దాన్ని వాసన చూశారు. "వాసన లేదు. వాసన లేని విషాలే ప్రమాదం," అంటూ దులిపి, ఖాళీ మందుసీసాలో పోసుకున్నారు.

"నాన్నా, అమ్మ ప్లాస్టరంటోందిగా," అంది మా అమ్మాయి.

"అమ్మ అమాయకురాలు. ఎవరో అమ్మ చేత అబద్ధాలాడిస్తున్నారు."

"పోలీసులకు చెప్పకపోయావా మరి?" అన్నారు మా అత్తగారు, సరదాకి.

"పోలీసులా! వాళ్ళు ఎప్పుడూ తప్పు మనిషినే పట్టుకుంటారమ్మా."

నా బతుకు ఎంతవరకు వచ్చిందంటే, నిజాన్ని దాచుకోవాలంటే దాన్ని మా ఆయనతో చెప్తే చాలు.

శనివారం పొద్దున్నే, టీ కూడా పెట్టకుండా, "ల్యాబుకు వెళ్తున్నాను," అని బయల్దేరాను. పన్ను కస్టడీలో ఉంది కాబట్టి ఇంకోటి వెతకాలి. మాస్టారు కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోమన్నారు. ఎండ నేరుగా పడదక్కడ, పలచటి వెలుతురు మాత్రం పరుచుకుని ఉంటుంది. ముక్కలతికించిన లెక్చరర్‌గారి సెట్టు ముందు పెట్టుకుని, పళ్ళ పెట్టె తెరిచాను.

పళ్ళు తెల్లగా ఉంటాయని బ్లాక్ అండ్ వైట్ సినిమాలు చూసేవాళ్ళు అనుకుంటారు. ఒక్కటీ తెల్లగా ఉండదు. ఒకటి పాలమీగడలా, ఒకటి పాత కాగితంలా, ఒకటి అంచున బూడిద రంగు తిరిగి ఉంటుంది. టీలు తాగినవాళ్ళ పళ్ళ మొదట్లో లేత గోధుమరంగు నీడ పడుతుంది. పైవాటాలో ట్యూబులైటు కింద నాకు కలిసినట్టే అనిపించిన పన్ను నిజానికి బాగా తెల్లన. అదే అతికించి ఉంటే, లెక్చరర్‌గారు నోరు తెరిచినప్పుడల్లా ఆ ఒక్కటి జనంలోంచి చెయ్యెత్తినట్టు కనబడేది. మా ఆయన దాన్ని లోపలేసి మంచి పనే చేశారు. రిటైరయ్యాక ఆయన సరైన నేరస్థుణ్ణి పట్టుకున్నది ఆ ఒక్కసారే, అదీ తెలియకుండా.

నెమ్మదిగా వెతికి ఇంకోటి తీశాను. పక్కపళ్ళ మధ్యలో పెట్టాను. పెట్టాక ఏది కొత్తదో నాకే వెతుక్కోవాల్సి వచ్చింది.

మాస్టారు సెట్టుని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశారు. "ఏది నువ్వు పెట్టింది?" అన్నారు.

చెప్పలేదు. నవ్వాను.

"అయితే సోమవారం నుంచి వస్తున్నావా?"

"సాయంత్రం ఫోన్ చేస్తాను. ఇంట్లో ఒక మాట అనుకుని."

"ఇంట్లో ఇంకా చెప్పలేదా?"

"చెప్పానండీ. వాళ్ళు వినాలి."

మధ్యాహ్నానికి లెక్చరర్‌గారి సెట్టు ఆయనకు అందించి ఇంట్లోకి వచ్చేసరికి హాల్లో కుర్చీలన్నీ గుండ్రంగా వేసి ఉన్నాయి. "సాయంత్రం అందరూ ఇక్కడ సమావేశం కావాలి," అన్నారు మా ఆయన. మా మరిది షాపు నుంచి త్వరగా రావాలని ఫోన్ కూడా చేశారట. తమ్ముడు అర్ధరాత్రి దాకా ఇంటికి రానప్పుడు కూడా చెయ్యని ఫోను.

సాయంత్రం పరదాలు వేశారు. పెద్ద లైటు ఆర్పి టేబుల్ లైటు ఒక్కటే ఉంచారు. ఇంట్లో ఉక్కపోస్తుంటే ఆయన మాత్రం వానకోటు తొడుక్కుని గోడకు ఆనుకుని నిలబడ్డారు. మధ్యలో స్టూలు మీద సాసరు, సాసర్లో పన్ను.

"ఈ గదిలోంచి ఎవరూ బయటికి వెళ్ళకూడదు."

"బాత్రూముకైనా?" అన్నారు మా అత్తగారు.

"అమ్మా!"

"ఊరికే అడిగాన్రా. ముందే తెలిస్తే మంచిది కదా." ఆవిడ చేతిలో ఒక ఆపిల్ పండుంది. కొత్తగా సవరించిన సెట్టుతో ఇప్పుడు ఏదైనా కొరకగలరు, కొరకగలనని అందరికీ తెలిసేలా కొరుకుతారు.

"ఒక మనిషి గొంతు ఆగిపోయింది," మొదలుపెట్టారు మా ఆయన. "ఒక తాడు. ఒక తెల్లటి పొడి. ఒక పన్ను." ఒక్కో మాటకూ ఒక్కో అడుగు వేస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. ఆయన ఆగినప్పుడల్లా ఆపిల్ కరకరమంటోంది. "మా ఆవిడ ఆ పన్ను తనదేనని ఒప్పుకుంది. అప్పుడే నాకు అర్థమైంది, ఆమెది కాదని. ఆమె ఎవరినో కాపాడుతోంది. ఎవరిని? అందరికంటే అనుమానం తక్కువ ఉన్న మనిషిని." గిరుక్కున తిరిగి వేలు చూపించారు. "నువ్వే!"

మా మరిది చేతిలో బిస్కెట్టు ఆగింది. "మళ్ళీ నేనేనా అన్నయ్యా? గొడుగు పోయినప్పుడూ నేనే, పంచదార తగ్గినప్పుడూ నేనే."

"పంచదార నువ్వేగా," అంది మా అమ్మాయి.

"అది వేరే సంగతి. అయినా ఆయన్ని నేనెందుకు చంపుతాను?"

"మెట్ల కింద స్కూటర్ పెట్టొద్దని నీతో గొడవపడ్డాడు."

"స్కూటర్ కోసం చంపుతానా? అయితే చంపి ఎక్కడ పెట్టాను?"

"అది నువ్వే చెప్పాలి!"

"నాకేం తెలుసు, నేను చంపలేదుగా!"

ఆ సినిమాల్లో హంతకుడు ఈ పాటికి తుపాకీ తీసి అంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తాడు. మా మరిది బిస్కెట్టు నోట్లో వేసుకున్నాడు.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బరువుగా, తీరిగ్గా పడుతున్న అడుగులు. తలుపు తెరుచుకుంది. మా అమ్మాయి కెవ్వుమంది. టేబుల్ లైటు వెలుతురు కింది నుంచి పడుతుంటే హతుడే స్వయంగా గుమ్మంలో నిలబడ్డాడు.

"స్కూటర్!" అన్నారు లెక్చరర్‌గారు. కిటికీ అద్దాలు అదిరాయి. "మెట్ల కింద స్కూటర్ పెట్టవద్దని ఎన్నిసార్లు సవినయంగా మనవి చేసుకున్నాను? ఇప్పుడే నా మోకాలు కొట్టుకుంది!"

మా ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. "మీరు... బానే ఉన్నారా? గొంతు వినబడలేదు, ఇన్నాళ్ళూ..." అన్నారు.

"గొంతు బాగులేదు. విశ్రాంతి ఇచ్చాను," అన్నారు ఆయన, నా వైపు చూడకుండా. తర్వాత చూశారు. చూసి, నోరారా నవ్వారు. లైటు పైవరస మీద సూటిగా పడింది. మా ఆయన లెక్చరర్‌గారి ముఖంలోకే చూస్తున్నారు, చేతిలో భూతద్దం కూడా ఉంది. మా మరిది పగలంతా జనాల ముఖాలు చూసే పనిలోనే ఉంటాడు. మా అమ్మాయికి కళ్ళు బాగానే కనబడతాయి. ఒక్కరికీ ఏ తేడా తెలియలేదు. స్టూలు మీద అదే వరసకని తెచ్చిన పన్ను ఉంది, అయినా ఎవరికీ అనుమానం రాలేదు. నా కడుపు నిండిపోయింది.

లెక్చరర్‌గారు స్కూటర్ గురించి మరికొంత ఉపన్యసించి పైకి వెళ్ళిపోయారు. మా ఆయన వానకోటు బొత్తాలు ఒక్కొక్కటే విప్పుకుని కుర్చీలో కూర్చున్నారు. కోటు లేకుండా ఆయన బాగా చిన్నగా కనిపించారు. నాకు కొంచెం జాలేసింది కూడా.

"అయితే," అన్నారు సాసరు వైపు చూస్తూ, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఈ పన్ను ఎవరిది?"

మా అత్తగారు ఆపిల్ కొరకడం ఆపి నా వైపు తిరిగారు. టీవీ ఆపి ఉంది. మా అమ్మాయి చెవులు ఖాళీగా ఉన్నాయి. మా మరిది బిస్కెట్లు అయిపోయాయి. మా ఇంట్లో అందరూ ఒకే గదిలో, నోళ్ళు మూసుకుని, జవాబు కోసం ఎదురుచూస్తూ కూర్చోవడం నేనెప్పుడూ ఎరగను. ఇలాంటి డిటెక్టివుల వల్ల ఇంతటి ఉపకారం కూడా ఉంటుందని ఆరోజే తెలిసింది.

లేచి పరదా తీశాను. మిగిలిన వెలుతురు కాస్త లోపలికి వచ్చింది. సాసర్లో పన్ను తీసి జేబులో వేసుకున్నాను.

"నాదే. మొదటిరోజే చెప్పాను," అన్నాను. గొంతు పెంచలేదు, అవసరం రాలేదు. "దవడల మాస్టారి ల్యాబులో కిటికీ పక్క బల్ల నాకిస్తున్నారు. ఇప్పుడు ఫోన్ చేసి సరేనని చెప్పబోతున్నాను. సోమవారం నుంచి పొద్దున వెళ్ళి సాయంత్రం వస్తాను. వంట ఎవరిది, బట్టలు ఎవరివి, అత్తయ్య కంట్లో చుక్కలు ఎవరు వేస్తారు అన్నది మీ నలుగురూ కూర్చుని తేల్చుకోండి. ఆధారాలన్నీ వంటింట్లోనే ఉన్నాయి."